చిన్న బ్యాటరీతో బండి రోజంతా ఎలా తిరుగుతుంది?

మన ఖరగ్‌పూర్‌లో ఖరిదా నుంచి గోల్‌బజార్‌కు టోటో రిక్షా ఎక్కారా, పిల్లలూ? పెట్రోలు వాసన లేదు, పొగ లేదు. సీటు కింద బ్యాటరీలే! మరి అంత చిన్న బ్యాటరీలతో రోజంతా ఎలా తిరుగుతుంది?

రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీకి వెళ్లే తాతయ్య క్యారియర్‌లో ఏం తీసుకెళ్తారు? ఒక పూట భోజనమే కదా! నెలకు సరిపడే బియ్యం బస్తా మోసుకెళ్తే బరువు, ఆయాసం. బ్యాటరీ కూడా అంతే, ఆ రోజుకు సరిపడే కరెంటు పడితే చాలు. పెద్దదైతే బండి బరువెక్కుతుంది. ఆ బరువును లాగడానికే ఇంకొంత కరెంటు ఖర్చవుతుంది.

ఎలక్ట్రిక్ కారుకూ ఇదే లెక్క. అందులో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీయే. అది చిన్నదైతే ధరా తగ్గుతుంది. 2023లో మన దేశంలోకి వచ్చిన ఎంజీ కామెట్ అనే బుల్లి కారునే చూడండి. దాని బ్యాటరీలో పట్టేది 17.3 యూనిట్ల కరెంటు. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను 17 గంటలు ఆపకుండా వాడినంత! రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే తెల్లారేసరికి మళ్లీ నిండుతుంది.

ఇంకో చమత్కారం ఉంది. సైకిల్ డైనమో చూశారా? చక్రం తిరిగితే దీపం వెలుగుతుంది. ఇలాంటి కారు వేగం తగ్గించేటప్పుడు మోటారే డైనమోలా మారి, కొంత కరెంటును తిరిగి బ్యాటరీలో నింపుతుంది.

బడికి, బజారుకు, ఆఫీసుకు ఈ చిన్న బండి చాలు. మరి దూరాన విశాఖలో ఉన్న అమ్మమ్మ ఇంటికంటారా? దానికి మన ఖరగ్‌పూర్ స్టేషన్‌లో రైలుందిగా!