ఆలమంద కోసం ప్రాణాలిచ్చినవాళ్లు

1976లో ఆర్థర్ పెన్ తీసిన ‘ది మిస్సోరీ బ్రేక్స్’ మామూలు కౌబాయ్ సినిమా కాదు. మోంటానాలో గుర్రాలను, పశువులను తోలుకుపోయే ముఠాకు నాయకుడు జాక్ నికల్సన్. వాళ్లను ఏరిపారేయడానికి ఒక భూస్వామి కిరాయికి తెచ్చిన తుపాకీ మనిషి మార్లన్ బ్రాండో. ఒక సన్నివేశంలో అతను ముసలమ్మలా గౌను తొడుక్కుని వస్తాడు. దొంగల మీద జాలి, చట్టం పేరు చెప్పి చంపేవాడి మీద భయం పుట్టించడమే ఈ సినిమా ప్రత్యేకత.

పశువుల దోపిడీ మన చిత్తూరు సీమకు కొత్త కాదు.

పలమనేరు, పుంగనూరు వైపు వెళ్తే వెయ్యేళ్ల నాటి వీరగల్లులు, అంటే వీరుల స్మారక శిలలు, కనిపిస్తాయి. బాణులు, వైదుంబులు, నొళంబులు, చోళులు ఈ నేల కోసం పోరాడిన కాలమది. అప్పట్లో ఆలమందే ఆస్తి. దుక్కికి ఎద్దు, పాడికి ఆవు, పొలానికి ఎరువు అన్నీ దానితోనే. అందుకే శత్రువు ముందుగా మందను తోలుకుపోయేవాడు. దాన్ని విడిపించబోయి నేలకొరిగినవాడి బొమ్మను ఊరివాళ్లు రాతిమీద చెక్కించి నిలబెట్టేవారు.

భారతంలోని ఉత్తర గోగ్రహణం కథా ఇదే. 1963 నాటి ‘నర్తనశాల’లో బృహన్నల విల్లందుకున్నది విరాటుడి ఆవుల కోసమే.

మోంటానా కథ తెరమీద భద్రంగా ఉంది. మన వీరుల కథ మాత్రం పొలాల మధ్య ఎండకూ వానకూ అరిగిపోతోంది. మీ ఊళ్లో అలాంటి రాయి ఉంటే దాన్ని కదిలించకండి, సున్నం పూయకండి. పురావస్తు శాఖకు తెలియజేయండి.