నేల కింది నీళ్లకూ లెక్క ఉంది

అక్కలారా! బోరు వేసేముందు మనం ఏం చేస్తాం? అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్లు చూసే మనిషిని పిలుస్తాం. కమ్మలు కుదువ పెట్టి బోరు వేయిస్తాం. నీళ్లు పడకపోతే? కమ్మలూ పాయె, నీళ్లూ లేకపాయె.

నేల కింది నీళ్లను కొలిచే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. దాని పేరు కేంద్ర భూగర్భ జల మండలి. భూగర్భ జలం అంటే నేల కింది నీళ్లు. ఈ సంస్థ 1970లో ఏర్పడింది. దేశమంతటా కొన్ని బావులు, బోర్లు ఎంచుకుంది. వాటిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఏడాదికి 4 సార్లు కొలుస్తుంది. రాష్ట్ర భూగర్భ జల శాఖతో కలిసి లెక్క కడుతుంది.

ఆ లెక్క ఏమిటి? ఒక మండలంలో తోడుకోదగ్గ నీళ్లు 100 బిందెలు అనుకుందాం. 70 బిందెల దాకా తోడితే భయం లేదు. 90 దాటితే కష్టం. 100 దాటితే విత్తనాల గింజలు వండుకొని తిన్నట్టే.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలాచోట్ల కింద గట్టి రాయి ఉంది. రాతి పైపొరలో, చీలికల్లోనే నీళ్లు నిలుస్తాయి. ఒకరు లోతుగా బోరు వేస్తే పక్కవాళ్ల బావి ఎండిపోవచ్చు.

అందుకే 2002లో మన రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల సేద్యానికి బోరు వేయకూడదు.

మన మండలం లెక్క ఎంత? గ్రామసభలో అడుగుదాం. బిందె మోసేది మనమే కదా!