వడ్డీ రేట్లు పెరిగేవేళ బాండు ఫండు కొనదగునా?

వడ్డీ రేట్లు పెరుగుతున్నవన్న వార్త రాగానే బ్యాంకులో డిపాజిట్టు వేయదలచినవాడు సంతోషిస్తాడు. అదే సమయాన బాండు ఫండులో సొమ్ము ఉంచినవాడు తన ఖాతా చూచుకొని కలత చెందుతాడు. వడ్డీ పెరిగితే వడ్డీ మీద ఆధారపడిన పెట్టుబడి తరగడమేమిటన్నది అతని సందేహం. దానికి ఏజెంటు చెప్పే సమాధానం ఒక్కటే: "మా ఫండును నిపుణుడైన మేనేజరు నడుపుతున్నాడు, రేట్లు పెరిగితే ఆయనే సర్దుబాటు చేస్తాడు." ఈ మాటలో నిజమెంత అన్నదే ఇక్కడ విచారించదలచిన విషయం. పిల్లల చదువుకో, ఇంటికో సొమ్ము దాచుకున్న కుటుంబాల విద్యార్థులు, విద్యార్థి వేతనాల నిధిని కాపాడవలసిన కమిటీ సభ్యులు ఈ పుటలు చదువుతారు గనుక ఇది ఊరక పాండిత్య చర్చ కాదు. వడ్డీ గ్రాహ్యమా, త్యాజ్యమా అన్న విచారణ పెద్దలది; వడ్డీయే వలదనుకొన్నవారికి ఈ ఫండు ప్రసక్తే ఉండదు.

బాండు అనగా అప్పుపత్రం. ప్రభుత్వమో, కంపెనీయో 100 రూపాయలు తీసుకొని, ఏటా 6 రూపాయల చొప్పున ఇచ్చి, పదవ ఏట అసలు తీరుస్తానని వ్రాసి ఇచ్చిందనుకొందాం. మరునాడు అటువంటి పత్రమే 7 రూపాయల వడ్డీతో బజారుకు వస్తే పాత పత్రాన్ని 100కు కొనేవాడెవ్వడు? లెక్క కట్టితే దాని ధర సుమారు 93 రూపాయలకు దిగుతుంది. ఒక్క ఏడాదిలో తీరిపోయే పత్రమైతే 99కి మాత్రమే దిగుతుంది. గడువు దూరమైనకొలదీ దెబ్బ పెద్దది. వడ్డీ రేటు ఒక శాతం మారితే ధర ఎంత శాతం మారుతుందో తెలిపే కొలతను డ్యురేషన్ అంటారు. అది 5 ఉన్న ఫండు, రేట్లు ఒక శాతం పెరిగితే సుమారు 5 శాతం తగ్గుతుంది. ఈ ఒక్క అంకె తెలిసినవానికి ఫండు విషయంలో సగం తెలిసినట్లే.

మేనేజరు సంగతికి వద్దాం. రేట్లు పెరుగుతాయని తోచినప్పుడు ఆయన దీర్ఘకాల పత్రాలను అమ్మి, స్వల్పకాల పత్రాలలోనికి మారవచ్చును. సెక్యూరిటీస్ బోర్డు, అనగా సెబీ, 2017 అక్టోబరులో ఋణ ఫండులను పదహారు తరగతులుగా విభజించినప్పుడు, ఏ గడువు పత్రాలనైనా కొనే స్వేచ్ఛ గల తరగతికి డైనమిక్ బాండు ఫండు అని పేరు పెట్టింది. వినుటకు ఇది సులభోపాయమే. కాని రేట్లు పెరుగుతాయని మేనేజరుకు తెలిసేసరికి అది బజారుకంతటికీ తెలిసి ఉంటుంది.

2022 సంవత్సరాన్నే చూడండి. మే 4వ తేదీన రిజర్వు బ్యాంకు ముందుగా ప్రకటించిన సమావేశం లేకుండానే రెపో రేటును 4 శాతం నుండి 4.40కి పెంచింది; జూన్‌లో 4.90కి, అటుపై మెట్టుమెట్టుగా 2023 ఫిబ్రవరి నాటికి 6.50కి చేర్చింది. పదేండ్ల ప్రభుత్వ బాండు రాబడి మాత్రం 2022 ఆరంభాన సుమారు 6.5 శాతం ఉండి, జూన్ నడిమికే 7.6 దాకా ఎగబ్రాకింది. ఆ తరువాత రెపో మరి 1.60 శాతం పెరిగినా, దీర్ఘకాల బాండు రాబడి పెరుగకపోగా, 2023 ఫిబ్రవరిలో 7.3, 7.4 ప్రాంతంలో నిలిచింది. పత్రికలలో పెద్ద అక్షరాలతో వార్తలు చూచి జూన్ పిమ్మట దీర్ఘకాల పత్రాలను అమ్మినవాడు, దెబ్బ తిన్న తరువాత డాలు ఎత్తినట్లే.

ఇది మన దేశపు మేనేజర్లకే పరిమితమైన చిక్కు కాదు. అమెరికాలో పిమ్కో సంస్థ నడిపిన టోటల్ రిటర్న్ ఫండు ఒకనాడు ప్రపంచంలోకెల్లా పెద్ద బాండు ఫండు. దాని మేనేజరు బిల్ గ్రాస్‌ను బాండ్ల రాజు అనేవారు. 2011 ఆరంభంలో ఆయన రేట్లు పెరుగక తప్పదని తలచి అమెరికా ప్రభుత్వ బాండ్లను ఫండు నుండి తొలగించాడు. రేట్లు పెరుగలేదు. ఆ ఏటి మొదట 3.5 శాతం చేరువలో ఉన్న పదేండ్ల రాబడి సెప్టెంబరుకు 2 శాతం కన్న దిగువకు పడిపోయి, బాండ్ల ధరలు ఎగసినవి. సూచీ ఆ యేడు సుమారు 8 శాతం లాభించగా ఆ ఫండు 4 శాతంతో సరిపెట్టుకొన్నది. గ్రాస్ తన పెట్టుబడిదారులకు తప్పు తనదేనని లేఖ వ్రాశాడు. అంతటివానికే అందని జోస్యం అది.

మేనేజరు చేతిలో ఇంకొక ఉపాయం ఉన్నది. అదే ఎక్కువ ప్రమాదకరం. గడువు తగ్గించినప్పుడు తగ్గిన రాబడిని పూడ్చుకొనుటకు, పరపతి తక్కువైన కంపెనీల పత్రాలు కొనడం. అవి వడ్డీ హెచ్చుగా ఇస్తాయి. బజారు బాగున్నంతకాలం ఫండు మిగతావాటికన్న మిన్నగా కనబడుతుంది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ ఆరు ఋణ ఫండులను ఒక్కమారుగా మూసివేసింది. వాటిలోని సొమ్ము 25,000 కోట్ల పైచిలుకు. ఆ ఆరింటిలో ఒకదాని పేరులోనే "అల్ట్రా షార్ట్" అన్నమాట ఉన్నది. గడువు చిన్నదే, డ్యురేషన్ భయం లేదు. కాని కరోనా విపత్తులో మదుపరులంతా ఒక్కసారి వాపసు అడిగితే, తక్కువ శ్రేణి పత్రాలను కొనేవాడు లేకపోయాడు. తరువాత సుప్రీంకోర్టు ఆదేశాలతో సొమ్ము విడతలవారీగా తిరిగి వచ్చిన మాట నిజమే. అయితే ఆ ఏడు కాలేజీ ఫీజు కట్టవలసినవానికి, ఆసుపత్రి బిల్లు తీర్చవలసినవానికి విడతలు ఏమి ఉపకరిస్తాయి?

ఇక మేనేజరు జోస్యం ఫలించినా ఫలించకున్నా ఫండు ఖర్చు తప్పదు. పత్రాలు ఏటా 7 శాతం ఇచ్చేవై, ఖర్చు ముప్పావు శాతమైతే, మన రాబడిలో పదవ వంతుకు పైగా అక్కడే తెగిపోయినట్లు. షేర్ల ఫండులో ఇంతటి ఖర్చును లాభాలు మరుగుపరచవచ్చును, బాండులో దాగదు. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ 2013 జనవరి నుండి ప్రతి ఫండులోను ఉన్నది. దాని ఖర్చు తక్కువ.

ఇంతకూ నిర్ణయించవలసినది ఏ విధంగా? రేట్లు ఎటు పోతాయని ప్రశ్నించుట మాని, ఈ సొమ్ము నాకెప్పుడు కావాలి అని ప్రశ్నించుకోవాలి. లక్ష రూపాయలు డ్యురేషన్ 5 గల ఫండులో ఉన్నవి; రాబడి 7 శాతం. రేట్లు ఒక శాతం పెరిగితే నేడు సుమారు 5,000 రూపాయల నష్టం. కాని అది మొదలు వచ్చిన వడ్డీ, తీరిన అసలు 8 శాతం పత్రాలలోనికి పోతుంది. ఏటా ఇంచుమించు వెయ్యి రూపాయలు అదనంగా చేరి, ఐదారేండ్లలో లోటు పూడుతుంది. సొమ్ము ఎనిమిదేండ్లకు గాని అవసరం లేనివానికి రేట్ల పెరుగుదల మేలే. రెండేండ్లలో కావలసినవానికి అది నికరమైన నష్టం. కాబట్టి ఫండు డ్యురేషన్ మన గడువును మించకుండా చూచుకొంటే మేనేజరు జోస్యంతో మనకు పని లేదు. డైనమిక్ ఫండులో ఇదే వీలుకాదు. నేడు 3 ఉన్న డ్యురేషన్ ఆరు నెలలకు 8 కావచ్చును. మనకు తెలియగల ఒక్క అంకెను మనమే మేనేజరు ఇష్టానికి అప్పగించినట్లవుతుంది.

గడువు ముందే తెలిసినవారికి, నిర్ణీత సంవత్సరంలో ముగిసే టార్గెట్ మెచ్యూరిటీ ఫండులు అనుకూలం. 2019 డిసెంబరులో వచ్చిన భారత్ బాండ్ ఇటువంటిదే. ప్రభుత్వ రంగ సంస్థల పత్రాలను సూచీ ప్రకారం కొని ఉంచుతుంది. అందులో మొదటి శ్రేణి 2023 ఏప్రిల్‌లో గడువు తీరి సొమ్ము చెల్లించింది. నడుమ ధర ఊగినా చివరి వరకు ఉన్నవాని రాబడి కొన్ననాటి అంచనాకు దగ్గరగానే ఉంటుంది. మేనేజరు నడిపే ఫండునే ఎన్నుకొనేవారు దాని నెలవారీ పత్రికలో డ్యురేషన్ ఎంత, ఖర్చు ఎంత, అత్యున్నత శ్రేణి కాని పత్రాలు ఎన్ని అన్నవి మొదట చూడాలి. గత సంవత్సరపు లాభం చివర చూచినా చాలు.

పన్ను విషయం కూడ మారింది. 2023 ఏప్రిల్ 1 తరువాత కొన్న ఋణ ఫండులపై లాభానికి, ఎన్నేండ్లు ఉంచినా, ఆదాయపు శ్లాబు ప్రకారమే పన్ను. మూడేండ్లు దాటితే లభించిన పాత రాయితీ వీటికి లేదు గనుక, ఫిక్సెడ్ డిపాజిట్టుతో పోల్చినప్పుడు ఫండుకుండిన ముఖ్యమైన ఆకర్షణ ఒకటి తగ్గినది. కమిటీ విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. ధర్మాదాయ సంస్థలు ఆదాయపు పన్ను చట్టం అనుమతించిన మార్గాలలోనే నిధులు ఉంచవలె; కనుక తీర్మానానికి ముందే ఆడిటరును సంప్రదించి, వచ్చే జూన్‌లో చెల్లించవలసిన విద్యార్థి వేతనాల సొమ్మును, పదేండ్ల తరువాతి భవన నిధిని వేరువేరు ఖాతాలలో చూపాలి. మొదటి దానికి బ్యాంకు డిపాజిట్టే తగినది. బాండు ఫండు చర్చ రెండవ దానికే.