‘చావకు’ అన్న మాటలో ‘క’ ఎగిరిపోతే...

నాన్నకు తగ్గని దగ్గు. పొదిలి నుంచి ఒంగోలుకో, గుంటూరుకో బస్సెక్కి ముక్క పరీక్ష చేయించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. తర్వాత వచ్చిన జన్యు పరీక్ష రిపోర్టులో ‘మెట్ ఎక్సాన్ 14 స్కిప్పింగ్’ అని ఒక వరుస ఉంది. ఇంట్లో డిగ్రీ చదివిన పిల్లలకూ అది అర్థం కాదు. అలాగని వదిలేయకండి. ఏ మందు వాడాలో తేల్చేది ఆ వరుసే కావచ్చు.

మన జన్యువుల్లో సమాచారం ఏకబిగిన రాసి ఉండదు. పనికొచ్చే ముక్కల మధ్య అక్కర్లేని పొడవాటి ముక్కలుంటాయి. కణం ముందుగా మొత్తాన్నీ ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసుకుంటుంది. ఆపైన మిరపకాయకు తొడిమ తీసినట్టు అక్కర్లేనివి కోసేసి, మిగిలిన ఎక్సాన్లను అతికిస్తుంది. ఇదే స్ప్లైసింగ్. 1977లో దీన్ని కనిపెట్టిన ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌కు 1993లో నోబెల్ వచ్చింది.

నిజానికి తొడిమ పోలిక సగమే సరిపోతుంది. కణం ప్రతిసారీ ఒకేలా కోయదు. ‘బీసీఎల్-ఎక్స్’ జన్యువునే చూడండి. పొడవుగా ఉంచితే వచ్చే ప్రొటీన్ కణంతో ‘చావకు’ అంటుంది. ఓ ముక్క ఎక్కువ కోస్తే వచ్చే పొట్టి ప్రొటీన్ ‘చావు’ అంటుంది. మన మాటలో ఒక్క ‘క’ ఎగిరిపోయినట్టే. చాలా క్యాన్సర్ కణాలు పొడవుదాన్నే ఎక్కువగా తయారు చేసుకుంటాయి. చావాల్సినవి చావకుండా పెరుగుతాయి.

ఎక్కడ కోయాలో కణానికి ఎలా తెలుస్తుంది? ‘యూ1’ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఆనవాలు పడుతుంది. దాని అక్షర క్రమాన్ని 1974లోనే అమెరికాలోని హ్యూస్టన్‌లో, బేలర్ వైద్య కళాశాలలో ఆర్. రెడ్డి, హారిస్ బుష్ బృందం ప్రచురించింది. వాళ్లు వాడినవి ఎలుక కాలేయ క్యాన్సర్ కణాలు. అది దేనికి పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. స్ప్లైసింగ్‌తో దాని సంబంధాన్ని 1980లో జోన్ స్టైట్జ్ బృందం బయటపెట్టింది.

2007లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఏడ్రియన్ క్రైనర్ బృందం మరో మెట్టు ఎక్కింది. కోతను నడిపించే ‘ఎస్‌ఆర్‌ఎస్‌ఎఫ్1’ అనే ప్రొటీన్ మోతాదు మించితే చాలు, మామూలు కణాలు క్యాన్సర్ దారి పడతాయని, ఎలుకల్లో గడ్డలు కడతాయని చూపించింది. తప్పు జన్యువు రాతలోనే కాదు, కత్తెర పట్టిన చేతిలోనూ ఉండొచ్చన్నమాట.

ఇప్పుడు మీ రిపోర్టుకు వద్దాం. ‘మెట్’ ప్రొటీన్ కణాన్ని పెరగమంటుంది. పని అయ్యాక దాన్ని నాశనం చేయడానికి వీలిచ్చే గుర్తు 14వ ఎక్సాన్‌లో ఉంటుంది. కోతలో ఆ ముక్క పోతే ప్రొటీన్ పోదు, ‘పెరుగు పెరుగు’ అంటూనే ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే నాన్ స్మాల్ సెల్ రకంలో నూటికి మూడు నాలుగు కేసులు ఇలాంటివి. వయసు మళ్లినవారిలో ఎక్కువ. పొగాకు వేలం జరిగే ఊళ్లో ఉంటాం కాబట్టి ‘చుట్టలు కాల్చాడుగా’ అని తేల్చేస్తాం. కానీ ఇది పొగ ముట్టనివారికీ వస్తుంది. క్యాప్మాటినిబ్, టెపోటినిబ్ అనే మాత్రలు ఆ ప్రొటీన్‌ను అడ్డుకుంటాయి. ఖరీదైనవే. కోతను మాత్రం సరిచేయవు.

కోతనే సరిచేసే మందులు లేవా? ఉన్నాయి, కానీ క్యాన్సర్‌కు కాదు. పసిపిల్లల కండరాలను చచ్చుబరిచే ఎస్‌ఎంఏ జబ్బుకు క్రైనర్ పరిశోధనతో వచ్చిన నుసినెర్సెన్ 2016లో అమెరికాలో అనుమతి పొందింది. అదే జబ్బుకు నోటి ద్వారా ఇచ్చే రిస్‌డిప్లామ్‌ను, కోర్టు వివాదం తేలాక, 2025 అక్టోబరులో హైదరాబాద్ కంపెనీ నాట్కో సీసా 15,900 రూపాయలకు తెచ్చింది. అంతకుముందు అది లక్షల్లో ఉండేది. క్యాన్సర్‌లో ఇలాంటి మందులపై పరీక్షలు సాగుతున్నాయి. ‘స్ప్లైసింగ్ వైద్యం’ పేరుతో ఎవరైనా ఇప్పుడే డబ్బు కట్టమంటే నమ్మకండి.

డాక్టరును ఒకటి అడగండి: ‘పరీక్ష డీఎన్‌ఏ మీదే చేశారా, ఆర్‌ఎన్‌ఏ మీద కూడానా?’ డీఎన్‌ఏ పరీక్ష ఒక్కటే అయితే ఈ కోత తప్పు కొన్నిసార్లు దొరక్కుండా పోతుంది. మరో ఆసుపత్రికి వెళుతుంటే రిపోర్టు కాగితాలతో పాటు, ముక్కను మైనంలో భద్రపరిచిన ‘బ్లాక్’ కూడా అడిగి తీసుకోండి. అది ఉంటే చాలాసార్లు మళ్లీ సూది గుచ్చే అవసరం ఉండదు.