ముగ్గుపిండిలో పలుగురాయి

ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయికి ప్రపంచమంతటా పేరుంది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ (ఏపీఎండీసీ) తవ్వించే ఈ బెరైటీస్‌ను మిల్లుల్లో పిండి చేస్తారు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బరువైన బురదలో ఆ పిండినే కలుపుతారు. ముగ్గు అనగానే మనకు వాకిలి గుర్తొస్తుంది. వాకిట్లో చల్లే పిండితో ప్రాణానికి ముప్పేమిటన్న ధీమా ఆ పేరులోనే ఉంది. ఆ ధీమాలో సగం నిజముంది. మిగతా సగమే పనివాళ్ల ఊపిరి తీస్తుంది.

స్వచ్ఛమైన బెరైటీస్ దుమ్ము పేరుకుంటే ఎక్స్‌రేలో దట్టమైన మచ్చలు కనిపిస్తాయి గానీ, శ్వాస పెద్దగా దెబ్బతినదు. పని మానేస్తే ఆ మచ్చలు తగ్గే అవకాశమూ ఉంది. అయితే భూమిలోంచి రాయి స్వచ్ఛంగా రాదు. తక్కువ గ్రేడు ముగ్గురాయిలో కలిసి ఉండే ముఖ్యమైన మలినం పలుగురాయి, అంటే స్ఫటిక సిలికా. కంటికి కనిపించనంత సన్నటి పలుగు రేణువు ఊపిరితిత్తుల లోతుకు చేరితే, దాన్ని మింగిన రక్షణ కణమే చచ్చిపోతుంది. ఆ చోట మెత్తటి కణజాలం గట్టిపడి మచ్చ కడుతుంది. అదే సిలికోసిస్. పని మానేశాక కూడా అది ముదురుతూ పోవచ్చు. నయం చేసే మందు లేదు. పైగా క్షయ సోకే ముప్పు పెరుగుతుంది. వంటింటి గట్లకు వాడే కృత్రిమ రాతి పలకలను ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది కూడా ఈ సిలికా వల్లనే. కాబట్టి చూడాల్సింది రాయి పేరు కాదు, దుమ్ములో పలుగు ఎంతుందన్నది. సిలికా శాతం పెరిగేకొద్దీ గాలిలో అనుమతించే దుమ్ము పరిమాణాన్ని చట్టం తగ్గిస్తుంది. ఆ శాతాన్ని కొలవకుండా మా మిల్లులో ముప్పు లేదనే హక్కు ఎవరికీ లేదు.

దుమ్మును నీళ్లతో అణచాలంటే పొడిగా ఉండాల్సిన పిండి పాడవుతుందని యజమానులు అనవచ్చు. అది నిజమే. కానీ రాయి పగిలే చోటును, పిండి జారే చోటును మూసేసి, దుమ్మును గొట్టాలతో లాగి, సంచి ఫిల్టర్లలో పట్టవచ్చు. అలా పట్టిన దుమ్ము కూడా అమ్ముకునే సరుకే. మాస్కులిచ్చినా పనివాళ్లు పెట్టుకోరన్నది ఇంకో మాట. మండే ఎండలో బిగుతైన మాస్కుతో మూటలు మోయడం కష్టం. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు సన్నటి రేణువును ఆపదు. దుమ్మును పుట్టిన చోటే పట్టడం యజమాని బాధ్యత. మాస్కు ఆ తర్వాతి రక్షణ మాత్రమే.

సిలికోసిస్ వృత్తి వ్యాధి అని, దానికి పరిహారం ఇవ్వాలని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. దాన్ని గుర్తించిన వైద్యుడు అధికారులకు తెలియజేయాలి. చిక్కంతా రుజువు దగ్గరే. జబ్బు బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి, కాంట్రాక్టరు మారతాడు, హాజరు పుస్తకం మాయమవుతుంది. గుజరాత్ పలుగురాయి మిల్లుల్లో పనిచేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ ఆదివాసుల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. ఆ కేసు వేసింది 2006లో. పదేళ్ల తర్వాత వచ్చిన న్యాయం కుటుంబాలకు అందింది గానీ, ఊపిరాడక పోయినవాళ్లకు అందలేదు.

అందుకే జబ్బు రాకముందే కాగితం చేతికి రావాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. నిర్దేశిత వయసు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలన్నాయి. మంగంపేట మిల్లులో బస్తా ఎత్తే ప్రతి మనిషికీ పనిలో చేరిన రోజే పత్రం, తొలి ఎక్స్‌రే అందాలి. వాటి నకళ్లు ఆఫీసు బీరువాలోనే కాదు, కార్మికుడి ఇంటి ట్రంకుపెట్టెలోనూ ఉండాలి. రేపు దగ్గు మొదలైతే అది ఎక్కడ మొదలైందో చెప్పగల సాక్షులు అవే.