ఒంటి కొలతా? బట్ట కొలతా?

చలికాలం సంచికకి లెదర్ జాకెట్ల మీద ముఖచిత్ర కథనం కావాలని సోమవారం పొద్దున ఎడిటర్ ఫోన్. శుక్రవారం సాయంత్రానికి కాపీ అందాలి. రంగులూ ధరలూ అందరూ రాసేవే, సైజు ఎలా చూసుకోవాలో అది పట్టుకోమన్నారు. ఫోన్ పెట్టేయగానే అక్కకి చేశాను. కొత్తచెరువులో ఉంటుంది. వాళ్లబ్బాయి పది రోజులుగా జాకెట్ కోసం ఫోన్లో వెతుకుతూనే ఉన్నాడని అంతకు ముందురోజే చెప్పింది.

అల్లుడు పెనుకొండ వైపు కార్ల విడిభాగాల కంపెనీలో చేస్తున్నాడు. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్లు తయారై బయటికి రావడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వెలిసిన కంపెనీల్లో అదొకటి. మొదటి షిఫ్టు పడిన వారం కోడి కూయకముందే బైకు తీయాలి. అనంతపురం సీమ అనగానే అందరికీ ఎండా కరువే తలపుకొస్తాయి. పుష్యమాసం తెల్లవారుజామున ఈ మెట్టమీద బండి నడిపేవాడికి తెలుస్తుంది, ఇక్కడి గాలి ఎముకల్లోకి ఎలా దిగుతుందో. గొర్రెలు కాసే కురుబలకి కంబళి ఉంది. దానికి సైజంటూ లేదు, తాతకీ మనవడికీ ఒక్కటే సరిపోతుంది. కప్పుకుంటే గొడుగు, పరుచుకుంటే పక్క. బండి మీద మాత్రం కంబళి నిలవదు.

మంగళవారం నేను వెళ్లేసరికి వాడి ఫోన్లో మూడు దుకాణాలు తెరిచి ఉన్నాయి. ఒకటి 38 తీసుకోమంటోంది, ఇంకోటి 40, మూడోది ‘ఎల్’. ‘ఏది నమ్మాల మామా?’ అన్నాడు. వంటింట్లోంచి అక్క అంది: ‘ఫోన్లో ఏం చూస్తారు? ఆది చొక్కా ఎత్తుకోని టైలరన్న దగ్గరికి పోండి. నా జాకెట్లన్నీ ఆయన కుట్టినవే.’

ఆ మాట దగ్గరే ఈ కథనం దారి మారింది. తెలుగింట్లో జాకెట్టంటే మొదట చీర మీదకి వేసుకునేదే. తోలు జాకెట్ తర్వాత వచ్చింది. పక్కనే ధర్మవరం. పట్టుచీర ఎంత ఖరీదుదైనా జాకెట్టు భుజం దగ్గర జారితే, చంక కింద పట్టేస్తే కట్టుకున్న సుఖం ఉండదని ఇక్కడి ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే ఒంటికి అతికినట్టున్న పాత జాకెట్టొకటి ‘ఆది’ అని దాచుకుంటారు. కొత్త గుడ్డ ఇచ్చినప్పుడల్లా దాన్నీ వెంట తీసుకెళతారు. మగవాళ్లం మనం నంబరు చూసి కొనుక్కొచ్చేస్తాం.

టైలరన్నది బుక్కపట్నం పోయే దారిలో చిన్న బంకు. మిషను, బల్ల, మేకుకి వేలాడుతున్న ఆది జాకెట్లు, ఒక్కో దానికి పిన్నుతో గుచ్చిన చీటీ. అల్లుడిచ్చిన చొక్కాని బల్లమీద పరిచి, గుండీలన్నీ పెట్టి, ముడతలు అరచేత్తో సర్ది, ఒక చంక నుంచి రెండో చంకకి టేపు పట్టాడు. 20½. రెట్టింపు చేస్తే 41. తర్వాత వాణ్ని నిలబెట్టి, చంకల కిందుగా ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు. 38.

‘చూడు నాయనా, ఒళ్లు ముప్పై ఎనిమిది. నువ్వు తొడుక్కునే బట్ట నలభై ఒకటి. నీ ఫోన్లో నలభై అని ఉండాదే, అది ఒంటి కొలతా, బట్ట కొలతా?’

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. సైజు పట్టికల్లో తికమకంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉందని తర్వాత అవన్నీ మళ్లీ తిరగేస్తే అర్థమైంది. కొందరు 40 అంటే 40 అంగుళాల ఛాతీ ఉన్నవాడికి కుట్టింది అని. ఇంకొందరు జాకెట్‌నే కొలిచి 40 అని రాస్తారు. మొదటిది ఈ అబ్బాయికి వదులు. రెండోది స్వెట్టర్ మీద వేసుకుంటే బిగుతు. నంబరొకటే, మనిషి మారిపోతాడు.

ఆయన క్యాలెండర్ కాగితం చింపి వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు నా జేబులో ఉన్న చీటీ అదే:

భుజం 17½
ఛాతీ ఒళ్లు 38, స్వెట్టరు మీద 39, బట్ట 41
చెయ్యి 24½, బండి మీద 26
వీపు 25, బండి మీద 26½
చంక పైకి

‘బండి మీద’ అన్న మాట కోసం ఆయన అల్లుణ్ని వీధిలోకి తీసుకొచ్చి బైకెక్కించాడు. హ్యాండిల్ పట్టుకోమన్నాడు. భుజం ఎముక నుంచి మోచేతి వంపు మీదుగా మణికట్టు దాకా టేపు నడిపించాడు. నిలబడ్డప్పటి కన్నా ఒకటిన్నర అంగుళం ఎక్కువ. మెడ కింది ఎముక నుంచి నడుం దాకా కూడా అంతే. నిలువుటద్దం ముందు అందంగా ఉన్న చెయ్యి బండెక్కగానే మణికట్టు వదిలేసి పైకి పోతుంది. వెనక నడుం బయటపడుతుంది. చలిగాలి దూరేది సరిగ్గా ఆ రెండు సందుల్లోనే. మోచేతి దగ్గర ప్యాడ్‌లున్న రైడింగ్ జాకెట్ అయితే ఇది మరీ ముఖ్యం. చెయ్యి పొట్టిదైతే ప్యాడ్ పైకి జరిగి, పడ్డప్పుడు కాయాల్సిన చోట ఉండదు.

‘చంక పైకి’ అన్నది బ్లౌజులు కుట్టేవాళ్లకి బాగా తెలిసిన రహస్యం. చంక కిందికి దించి కుడితే తొడుక్కోవడం సులువే గానీ, చెయ్యెత్తితే బట్ట మొత్తం లేస్తుంది. పైకి పెట్టి కుడితే చెయ్యి ఒక్కటే కదులుతుంది, ఒంటి మీద బట్ట కదలదు. జాకెట్ వేసుకుని చేతులు రెండూ ముందుకి చాపితే ఏ దుకాణంలోనైనా తేలిపోతుంది.

భుజం దగ్గరికొచ్చేసరికి టేపు మూడుసార్లు పెట్టాడు. కుట్టు భుజం ఎముక చివరన కూర్చోవాలి, అరంగుళం కూడా చేతి మీదకి దిగకూడదు. ‘గుడ్డయితే నేను సర్దుతా. తోలు సర్దలేను’ అన్నాడు.

ఆ మాట నాకు అనుభవమే. చాలా ఏళ్ల కిందట బెంగళూరులో ఒక దుకాణంలో కొన్నాను. భుజాలు దిగాయంటే, వాడగా వాడగా సర్దుకుంటుందన్నారు. సర్దుకోలేదు. తోలు మోచేతుల దగ్గర, వీపు మీద ఒంటి వంపుకి లొంగుతుంది, సాగుతుంది. పెద్దదైన భుజం చిన్నదవదు. కుట్లు విప్పించి లోపలికి తీయిస్తే పాత సూది రంధ్రాలు భుజం వెంబడి చుక్కల వరసలా తేలాయి. నూలు గుడ్డకయితే ఒక ఉతుకుకి దారాలు దగ్గరికి జరిగి పూడిపోయేవి. తోలుకి రంధ్రం పడితే పడినట్టే.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్లకి వెళ్లినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరు. మేకతోలుని వెలుగు కనిపించేంత పల్చగా చేసి, ఉలితో చిల్లులు కొట్టి నగలూ కిరీటాలూ తీరుస్తారు. దీపం వెనక పెడితే ఆ చిల్లులే రావణుడి ఆభరణాలు. ఎన్నేళ్లయినా పూడవు కాబట్టే ఆ కళ నిలబడింది. అదే చిల్లు నా జాకెట్ భుజం మీద పూడని గాయం.

కాబట్టి కొత్త తోలు ఛాతీ దగ్గర కాస్త హత్తుకున్నట్టున్నా పరవాలేదు. జిప్పు లాగకుండా పడాలి, పడ్డాక లోపల గుండెలనిండా ఊపిరి పీల్చుకోగలగాలి. గొర్రెతోలు మెత్తన, త్వరగా సాగుతుంది. మేకతోలు గట్టిది, సాగడం తక్కువ. ఆవుతోలు మందం, ఒంటికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది. ‘ఒక సైజు పెద్దది తీసుకుంటే మేలు’ అనే సలహా స్కూలు యూనిఫారానికి చెల్లుతుంది, దీనికి చెల్లదు.

చరిత్ర క్లుప్తంగా: మొదటి ప్రపంచ యుద్ధంలో పైకప్పు లేని విమానాల్లో ఎగిరినవాళ్లు చలికి తోలుకోట్లు తొడిగారు. 1928లో న్యూయార్క్‌లో అర్వింగ్ షాట్ మోటారుసైకిల్ వాళ్ల కోసం జిప్పు పెట్టి ‘పర్ఫెక్టో’ కుట్టాడు, ధర ఐదున్నర డాలర్లు. 1953లో మార్లన్ బ్రాండో ‘ది వైల్డ్ వన్’లో అలాంటిదే వేసుకుని కుర్రకారుకి దాన్ని అంటించాడు. మన వైపు తోలు శుద్ధికి పేరున్నవి తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948 నుంచీ ఉంది.

లేబుల్ మీది అంకెలు

38, 40, 42 అంగుళాల లెక్క. యూరప్ మగవాళ్ల సైజు ఛాతీ సెంటీమీటర్లలో సగం: 100 సెంటీమీటర్లయితే 50. అంగుళాల నంబరుకి 10 కలిపితే దాదాపు అదే వస్తుంది. కొరియా బట్టల మీద 95, 100, 105 కనిపిస్తే అవి నేరుగా సెంటీమీటర్లే. ఎస్, ఎం, ఎల్ అక్షరాలకి ఒక లెక్కంటూ లేదు, కంపెనీకో తీరు. వాటిని నమ్మి తోలు కొనొద్దు.

మన ఒళ్లు, మన పట్టిక

మనకంటూ ఒక సైజు పట్టిక కోసం కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ కలిసి ‘ఇండియా సైజ్’ సర్వే తలపెట్టాయి. ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల మధ్య 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది సంకల్పం. వాటిలో హైదరాబాద్ ఒకటి. ఎండకి కమిలిన, మూటలు మోసిన పల్లె భుజాల్నీ అలాగే కొలిచే రోజు రావాలని నా కోరిక.

మంగళవారం రాత్రే చీటీని ఫొటో తీసి బెంగళూరులో జాకెట్లు కుట్టి అమ్మే ఒక దుకాణానికి పంపాం. కింద టైలరన్న ప్రశ్నే రాశాం: మీ నంబరు ఒంటి కొలతా, బట్ట కొలతా? గురువారం జవాబొచ్చింది. ఒంటి కొలతే. 38 లేబుల్ జాకెట్‌కి ఛాతీ 40, భుజం 17½, చెయ్యి 25. 40 లేబుల్‌కి ఛాతీ 42, భుజం 18½.

ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని టైలరన్న రెండుసార్లు చదివాడు. ‘భుజం ముప్పై ఎనిమిదిదే పెట్టమను. చెయ్యి ఒక అంగుళం పెంచమను, వీపు మన చీటీ ప్రకారం. ఛాతీ నలభై ఒకటి. కుదురుతుందేమో అడుగు’ అన్నాడు. అడిగితే కుట్టిస్తామన్నారు. అల్లుడు అక్కడికక్కడే అడ్వాన్సు పంపించాడు.

నేను చీటీ మడిచి జేబులో పెట్టుకోబోతుంటే ఆపి, తన కొలతల పుస్తకం తీశాడు. అక్క పేరున్న పేజీ వెతికాడు. పట్టు, నూలు, పెళ్లికి కుట్టినవి, వరసగా ఏళ్ల తరబడి కొలతలు. వాటి కింద ఖాళీలో అల్లుడి అంకెలన్నీ ఎక్కించి, పక్కన ‘జాకెట్టు’ అని రాశాడు. ఒక క్షణం ఆగి, ముందు ‘తోలు’ అని చేర్చాడు.