ఫ్రిజ్‌లో ఆరు వారాలు... కుండీలో కూజాలు!

పురుగుల్ని తినే మొక్కని స్కూలు పుస్తకంలో బొమ్మగా చూసే ఉంటారు. దాన్ని విత్తనం వేసి మనమే మొలిపిస్తే? నిరుడు అక్టోబరులో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరకి వెళ్ళినప్పుడు నాకీ సరదా పుట్టింది. పిల్లల దగ్గరకి అమెరికా వెళ్ళి, బయట మంచు, లోపల ఏమీ తోచక కిటికీ దగ్గర కూర్చునే అమ్మలు మనలో ఎందరో! వాళ్ళ కోసమే ఈ కబుర్లు.

ఈ మొక్క పేరు సర్రసేనియా. మనం కూజా మొక్క అనుకుందాం. దీని ఆకులే కూజాల్లా మారి, లోపల పడ్డ పురుగుల్ని అరిగించుకుంటాయి. ఉత్తర అమెరికా తూర్పు వైపు చిత్తడి నేలలు దీని పుట్టిల్లు. న్యూజెర్సీలోని పైన్ బారెన్స్ అడవుల్లో ఊదారంగు కూజా మొక్క తనంత తానే పెరుగుతుంది. అడవిలోంచి మాత్రం తేకూడదు. విత్తనాలు నర్సరీల వాళ్ళు అమ్ముతారు.

మొదటిసారి నేను విత్తనాల ప్యాకెట్టుని అలాగే నెల్లాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి, తీసి చల్లాను. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు! ఎందుకో తెలుసా? ఈ విత్తనాలు చలికాలానికి ముందు రాలతాయి. వెంటనే మొలిస్తే లేత మొలక మంచుకి చచ్చిపోతుంది. అందుకే చలికాలం గడిచిందని నమ్మకం కుదిరేదాకా విత్తనం నిద్రపోతుంది. ఆ నిద్ర వదలాలంటే చల్లదనం ఒక్కటే చాలదు, తడి కూడా ఉండాలి. పొడిగా పెడితే విత్తనం నిలవ ఉంటుంది, అంతే!

కావలసినవి:
విత్తనాలు – 20
స్ఫాగ్నం నాచు – గుప్పెడు
జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచి – 1
పీట్ మాస్, పెర్లైట్ – సమపాళ్ళు
అడుగున చిల్లులున్న కుండీ, పళ్ళెం – ఒక్కొక్కటి
వాన నీళ్ళు లేదా డిస్టిల్డ్ వాటర్ – తగినంత

చేసే విధానం:
నాచుని నీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండండి. తడి తగలాలి, చుక్క కారకూడదు. నీళ్ళు ఎక్కువైతే బూజు పడుతుంది. ఆవగింజంత ఉండే ఈ విత్తనాలకి మైనంలాంటి పూత ఉంటుంది కాబట్టి నీళ్ళలో వేస్తే తేలిపోతాయి. వాటిని తడి నాచులో బాగా కలిపి సంచిలో వేసి, ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. 2 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ చల్లదనం చాలు. ఫ్రీజరులో పెట్టక్కర్లేదు. సంచి మీద పేరు, తేదీ రాయడం మర్చిపోకండి. లేదంటే పాడైన కొత్తిమీర అనుకుని ఎవరో ఒకరు పారేస్తారు!

కనీసం 4 వారాలు, ఊదారంగు కూజా మొక్కకైతే 6 వారాలు ఉంచండి. వారానికోసారి తీసి చూస్తూ ఉండండి.

తరవాత పీట్ మాస్, పెర్లైట్ కలిపి తడిపి కుండీ నింపండి. విత్తనాల్ని పైనే చల్లండి, మట్టి కప్పకండి. వెలుతురు తగలాలి. కుండీని పళ్ళెంలో పెట్టి, పళ్ళెంలో నీళ్ళు పొయ్యండి. ఎరువు వెయ్యనే వద్దు. సారంలేని నేలలో పెరిగే మొక్క కాబట్టే పురుగుల మీద ఆధారపడింది మరి! కుళాయి నీళ్ళలోని ఉప్పులు కూడా దీనికి పడవు.

జనవరిలో ఫ్రిజ్‌లో పెట్టిన నా విత్తనాలు మార్చిలో మొలిచాయి. రెండు బీజదళాల తరవాత వచ్చిన మొదటి ఆకే బుల్లి కూజా! భూతద్దం పెట్టి చూసి మా మనవరాలు ఎగిరి గంతేసింది.

ఇంటికి తెచ్చుకుందామా అని నాకూ అనిపించింది. కానీ పర్మిట్టు లేకుండా విత్తనాలు గానీ మొక్కలు గానీ మన దేశంలోకి తేకూడదు. పైగా పెరిగిన మొక్కకి ఏటా మూడు నాలుగు నెలలు చలి నిద్ర కావాలి. మన ఎండలకి అది కుదరదు. మన దేశానికి చెందిన కూజా మొక్క వేరే ఉంది. మేఘాలయ కొండల్లో పెరిగే నెపెంథిస్ ఖాసియానా అది. దాని విత్తనాలకి ఫ్రిజ్ అక్కర్లేదు, తాజాగా ఉన్నప్పుడే చల్లాలి. చట్టం కాపాడుతున్న మొక్క, అడవిలోంచి తియ్యడం నేరం.

మా కుండీ ఇప్పుడు మనవరాలి సంరక్షణలో ఉంది. మొక్క ఎదిగి పెద్దదవడానికి 3 నుంచి 5 ఏళ్ళు పడుతుంది. పిల్లా, మొక్కా కలిసే పెరుగుతాయి! ఈసారి మీరు వెళ్ళినప్పుడు అమ్మాయి ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా పక్కన కాస్త చోటు అడిగి చూడండి.